యాదయ్య సంచీ, నా గేజీ

తనిఖీ పనిలో చేరబోయే పిల్లలు ఒక్కోసారి నా నంబరు పట్టుకుని ఫోన్ చేస్తుంటారు. "మేడం, ఈ ఉద్యోగానికి ముఖ్యంగా ఏం కావాలి?" అని అడుగుతారు. మంచి కళ్ళద్దాలు కావాలి. నిలబడే ఓపిక కావాలి. షాపులో అందరూ మనల్ని తిట్టుకుంటున్నారని తెలిసి కూడా మధ్యాహ్నం అన్నం సహించే పొట్ట కావాలి. వీటన్నిటికంటే ముందు అనుమానం కావాలి. ఎవరైనా "బాగుంది మేడం" అంటే, బాగాలేదేమో అనుకోవడానికే నాకు జీతమిచ్చారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ జీతమే తిన్నాను.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి తక్కువ, వాటివల్ల నేర్చుకున్నది ఇంకా తక్కువ. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అది అర్థం కావాలంటే ముందు రెండు మూడు సంగతులు చెప్పాలి.

చేతికిచ్చింది కొలవకు

మొదట నేను బాలానగర్‌లో ఒక లేత్ షాపులో చేరాను. అక్కడ తనిఖీ చూసే మూర్తి గారు నా మొదటి బాస్. ముక్కు మీద కోపం. ఆయన నాకు నేర్పిన మొదటి ఆచారం, పనివాడు చేతికిచ్చిన పీసును కొలవకూడదని. "బల్ల మీద పెట్టవయ్యా" అనాలి. అతను ట్రే పెట్టి వెళ్ళాక, అడుగు నుంచి మన చేత్తో మనం తీసుకోవాలి. చేతికిచ్చేవాడు ఎప్పుడూ మంచిదే ఏరి ఇస్తాడు. రైతుబజారులో టమాటాలమ్మేవాడు నిగనిగలాడేవి పైన పేర్చినట్టే ఇదీను.

ఒకరోజు మొహమాటపడి ఒక పెద్దాయన చేతిలోంచి పీసు తీసుకున్నాను. మూర్తి గారు దాన్ని లాక్కుని ట్రేలో పడేశారు. "అమ్మాయ్, ఆయన నీకిచ్చింది పీసు కాదు, తాంబూలం" అన్నారు. షాపంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది గానీ ఆ తర్వాత ఎవరి చేతిలోంచీ ఏమీ తీసుకోలేదు.

ఆయన దగ్గర నేర్చుకోకూడనిది కూడా ఒకటి నేర్చుకున్నాను. తనిఖీ చేసేవాళ్ళు ఒక్కసారి తప్పు ఒప్పుకుంటే ఇక ఆ షాపులో ఎవరూ లెక్కచేయరనేవారు. చాలాకాలం అది నిజమనే నమ్మాను.

పిల్లలు ఎగరేసే రాకెట్లు

నాకు యాభై దాటాక ఆ షాపు మూతపడింది. కొండాపూర్‌లో ఒక చిన్న కంపెనీకి ఇన్‌స్పెక్టర్ కావాలని తెలిసి వెళ్ళాను. కంపెనీ పేరు రాయను. కింద అంతస్తు ఒకప్పుడు సోఫాల గోడౌన్. ఇప్పుడు అందులో రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మిషన్. పైన ఏసీ గదిలో నలుగురు కుర్రాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని బొమ్మలు గీస్తుంటారు. యజమాని కిశోర్ గుంటూరువాడు. హైటెక్ సిటీలో పెద్ద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుని ఈ పని పెట్టాడు. మంచివాడే. కాకపోతే నోరు తెరిస్తే ట్రస్ట్ అనేవాడు. "మన దగ్గర ట్రస్ట్ కల్చర్ ఉండాలండీ" అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాడు కూడా. నేను సరిగ్గా ఆ అక్షరాల కిందే నా ఇనుప బీరువా పెట్టించుకుని తాళం వేసుకున్నాను.

మా రాకెట్లు టీవీలో చూసేవాటి లాంటివి కావు. మనిషెత్తుకు మించనివి. కాలేజీ క్లబ్బుల వాళ్ళు, సెలవురోజు సరదాకి ఎగరేసుకునే ఐటీ ఉద్యోగులు మా దగ్గర కొనేవాళ్ళు. రాకెట్‌ను పైకి లేపే మందు జోలికి మేం పోలేదు. గొట్టం, రెక్కలు, మొనదేలిన టోపీ, దాని కింద రింగు, ఇవి మా సరుకు. ఆ టోపీని నోస్ కోన్ అంటారు గానీ షాపులో అందరికీ అది టోపీయే.

మొత్తం ప్రాణమంతా ఆ టోపీ, రింగుల మధ్య ఉంది. గొట్టం మూతికి అల్యూమినియం రింగు అతికిస్తాం. టోపీ ఆ రింగులో కూర్చుంటుంది. మరీ వదులైతే దారిలోనే ఊడిపోతుంది. రాకెట్ పైకెళ్ళి ఇక తల తిప్పబోయే సమయానికి లోపల చిటికెడు మందు పేలి టోపీని బయటికి తోస్తుంది, వెనకే పారాచూట్ వస్తుంది. టోపీ బిగుసుకుపోతే పారాచూట్ రాదు. అప్పుడు ఆ రాకెట్ ఇక బల్లెమే. కింద నిలబడి తలలెత్తి చూసేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు.

నా అనుమానం పనికొచ్చిన ముచ్చట కూడా ఒకటి చెప్పనివ్వండి. మాదాపూర్ నుంచి ఒకాయన ప్లాస్టిక్ టోపీలు తెచ్చాడు. ఏసీ గదిలో ఒక్కొక్కటీ రింగులో పెట్టి చూపించాడు. అన్నీ చక్కగా కూర్చున్నాయి. కిశోర్ ఆర్డరు ఇచ్చేయబోతున్నాడు. ఏసీ కారులో తెచ్చి ఏసీ గదిలో పెట్టి చూపించడం నాకు నచ్చలేదు. ఒక టోపీ తీసుకెళ్ళి మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఎండలో పెట్టాను. గంట తర్వాత అది రింగులోకి దిగనంది. ప్లాస్టిక్ ఎండకి ఉబ్బుతుంది, అల్యూమినియం అంత ఉబ్బదు. అప్పట్నుంచి రింగు బోరును, అంటే లోపలి రంధ్రాన్ని, వెంట్రుక మందమంత పెద్దది చేయించాం. ఆ ఖాళీని ఎండ ఖాళీ అనేవాళ్ళం. ఆ నెలంతా నేను కాస్త గర్వంగానే తిరిగాను.

నా గేజీ

రింగులు చేసేది యాదయ్య. నల్గొండ వైపు మనిషి, నా ఈడువాడే. లేత్ మీద చెయ్యి పెడితే చూస్తూ నిలబడాలనిపించేది. మాటలు తక్కువ.

అతను చేసిన బోరును నేను గేజీతో చూసేదాన్ని. గేజీ అంటే బోరంత లావున్న నున్నటి ఉక్కు కడ్డీ. సరైన బోరులో పెడితే తన బరువుకు తానే మెల్లగా దిగాలి. దిగకపోతే బోరు చిన్నది. టక్కున పడిపోతే బోరు పెద్దది. అంతే చదువు. ఆ గేజీని నూనె గుడ్డలో చుట్టి నా బీరువాలో పెట్టేదాన్ని. నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. బోరు కొలిచే మైక్రోమీటర్ కూడా అదే బీరువాలో ఉండేది. తాళంచెవి నా పర్సులో.

గేజీని ఏడాదికోసారి బయట ల్యాబుకు పంపి సరిచూపించాలి. అంతకుముందు ఒకసారి పంపితే ఎవడో కింద పడేసి, చొట్టబోయినదాన్ని ఏమీ ఎరగనట్టు డబ్బాలో పెట్టి పంపాడు. కొత్తది కొనాల్సి వచ్చింది. ఇక ఆ కొత్తదాన్ని వాళ్ళ చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. మూడేళ్ళు పంపలేదు. ప్రతి ఏడూ రిజిస్టరులో "సరిచూడబడినది" అని నేనే రాసి నేనే సంతకం పెట్టాను. ఇంకెవరైనా ఆ పని చేసి ఉంటే నేను ఆ రిజిస్టరు తీసుకెళ్ళి కిశోర్ బల్ల మీద కొట్టేదాన్ని.

మా రింగులకు గట్టి పూత వేయిస్తాం. చూడ్డానికి నునుపు గానీ అది ఉక్కును కూడా గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు.

ఒకరోజు యాదయ్య ట్రే బల్ల మీద పెట్టి అక్కడే నిలబడ్డాడు.

"మేడం, గేజీ మునుపటి లెక్క లేదు. జర వదులుగ పడుతున్నది."

"గేజీ వదులు కాదు యాదయ్యా, మీ బోరు పెద్దదవుతోంది."

"నా బోరు నాకెరుకే మేడం. ఒక్కసారి గేజీని కొలిపియ్యున్రి."

పనివాడు వచ్చి గేజీ తప్పంటే ఇన్‌స్పెక్టర్‌కి ఎలా ఉంటుందో ఈ పనిలోకి వచ్చాక మీకే తెలుస్తుంది. నాకు తల కొట్టేసినట్టయింది. అతని దగ్గర డిగ్రీ ఉండి, పై గదివాళ్ళలా మెడలో ఐడీ కార్డు వేలాడుతుంటే బహుశా వినేదాన్నేమో. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. బోరు కొంచెం తగ్గించమని, గేజీ మెల్లగా దిగేదాకా తగ్గించమని ఒక కాగితం మీద రాసి ఇచ్చాను.

"టోపీ పట్టేస్తది మేడం" అన్నాడు.

"నేను చెప్పినట్టు చేయండి."

"సరే. మీరు చెప్పినట్టే జేస్త" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి నా కళ్ళు అతని మీదే. అనుమానానికి ఒకసారి తిండి పెడితే రోజూ అదే వేళకి వచ్చి కూర్చుంటుంది. మిషన్ వెనక నిలబడి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అతని బామ్మర్దికి జీడిమెట్లలో లేత్ షెడ్డు ఉందట. వేరే ఊరి కంపెనీ ఎవరో మా రింగు లాంటిదే అమ్మకానికి పెట్టారు. ఈ మూడింటినీ కలిపి నేనొక కథ అల్లుకున్నాను. గేజీ తప్పని చెప్పి నా దృష్టి మళ్ళించి, మా రింగును బయటికి చేరవేస్తున్నాడని ఆ కథ. ఎంత బాగా అతికిందంటే, ఒక్క రుజువు కూడా లేదన్న సంగతే గుర్తుకు రాలేదు.

గేటు దగ్గర

వారం తిరక్కుండానే ట్రేలో రెండు రింగులు తగ్గాయి. సాయంత్రం డ్యూటీ దిగేవేళ నేను గేటు దగ్గర నిలబడ్డాను. సెక్యూరిటీ నర్సింహను పిలిచి యాదయ్య సంచీ విప్పి చూడమన్నాను. నర్సింహకి ఇష్టం లేదు. నా మొహం చూసి విప్పాడు. ఖాళీ టిఫిన్ డబ్బా, తువ్వాలు, పేపరులో చుట్టిన రెండు రింగులు.

పై గది వాళ్ళు, కింద షాపు వాళ్ళు, ఊడ్చే అమ్మలు, అందరూ అక్కడే ఆగిపోయారు.

"అమ్మనీకి గాదు మేడం" అన్నాడు యాదయ్య. "మా బామ్మర్ది తాన మైక్రోమీటర్ ఉన్నది. కొలిపిచ్చి మీకు సూపెడదామని తీస్కపోతున్న. ఈడిది మీ బీరువాల పెట్టి తాళమేస్తిరి."

"దొరికాక అందరూ ఏదో ఒకటి చెప్తారు" అన్నాను. గట్టిగానే అన్నాను, అందరికీ వినపడేలా.

అతను అరవలేదు. టిఫిన్ డబ్బా మళ్ళీ సంచీలో సర్దుకున్నాడు. "ముప్పయ్యేండ్ల సంది లేత్ మీదున్న మేడం. నా సంచి ఇంతవరకు ఎవ్వలు ఇప్పలే" అన్నాడు.

మర్నాడు కిశోర్ నన్ను పిలిచి అడిగాడు. "మీరేమంటారండీ? మీకు నమ్మకం ఉందా అతని మీద?" లేదన్నాను. ఆ ఒక్క మాటతో యాదయ్య ఉద్యోగం పోయింది.

కుర్చీ

ఏప్రిల్‌లో బాచుపల్లి వైపు కాలేజీ పిల్లలు ఒక రాకెట్ ఎగరేశారు. అనుమతులన్నీ తీసుకున్నారు. శంకర్‌పల్లి దాటాక ఒక బీడులో ఏర్పాటు. మా రింగు, మా టోపీ. జట్టుకు పెద్ద హిమ అనే అమ్మాయి, మూడో సంవత్సరం చదువుతోంది. నన్ను రమ్మని తనే పట్టుబట్టి పిలిచింది. కిశోర్, నేను వెళ్ళాం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు టోపీ పెట్టి చూశారు, బాగానే కూర్చుంది. ఏవో వైర్లు సరిచేసుకుని ఎగరేసేసరికి మధ్యాహ్నమైంది. గొట్టం చేత్తో ముట్టుకుంటే కాలుతోంది.

పైకి బ్రహ్మాండంగా వెళ్ళింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పైన ఎక్కడో చిన్న శబ్దమైంది. పారాచూట్ కోసం అందరం కళ్ళు చికిలించి చూస్తున్నాం. రాలేదు.

హిమ టెంటు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మిగతావాళ్ళని వెనక్కి పొమ్మని చెప్పడానికి లేచి నాలుగు అడుగులు వేసింది. రాకెట్ వచ్చి ఆ కుర్చీలోంచి దూసుకెళ్ళి మూరెడు లోతు నేలలో దిగబడింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "మేడం, నీళ్ళు తాగండి" అని సీసా ఇచ్చింది.

తవ్వి తీశాక చూస్తే లోపల మందు కాలింది. టోపీ మాత్రం కదల్లేదు. ఇద్దరు మగవాళ్ళు పట్టకారుతో లాగితే ఊడింది.

రెండు రోజులు

తిరిగొస్తుంటే కారులో కిశోర్ అన్నాడు. "ఇది యాదయ్య పనేనండీ. పోతూ పోతూ కావాలనే బోరు బిగించి పోయాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీరు పట్టారు గానీ మనం లేట్ అయ్యాం. పోలీస్ కంప్లైంట్ ఇద్దాం. మీ స్టేట్‌మెంట్ కావాలి."

షాపుకి రాగానే బీరువా తెరిచి ఆ రింగును మైక్రోమీటర్‌తో కొలిచాను. బోరు వెంట్రుక మందమంత చిన్నది. సరిగ్గా ఎండ ఖాళీ ఎంతో అంత. రింగు పక్కన పెట్టి చాలాసేపు గేజీ వైపు చూశాను. మూడేళ్ళలో దానితో వేల రింగులు కొలిచాను, దాన్ని మాత్రం ఒక్కసారీ కొలవలేదు. కొలిచాను. అది కూడా అంతే సన్నబడింది. తప్పు ఎక్కడిదో ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. గేజీ అరిగి సరైన బోరులో కూడా వదులుగా పడుతుంటే, నేను బోరు పెద్దదన్నాను. తగ్గించమని నా చేత్తో రాసిచ్చాను. ఎండ కోసం వదిలిన ఖాళీని నేనే మింగేశాను.

ఇక్కడ నిజం రాయాలి. వెంటనే చెప్పలేదు. రెండు రోజులు నోరు మూసుకున్నాను. కొత్త గేజీ తెప్పిస్తే సరిపోతుందని, పాతది ఎవరూ అడగరని లెక్కలు వేసుకున్నాను. ఆ రెండు రోజులూ అలాంటి రింగులే ఇంకా కొందరు పిల్లల దగ్గర ఉన్నాయి. వాళ్ళలో ఎవరూ ఆ రెండు రోజుల్లో ఎగరేయకపోవడం నా అదృష్టం, అంతకంటే ఏమీ కాదు. మూడో రోజు కిశోర్ కంప్లైంట్ కాగితం నా ముందు పెట్టాడు. అందులో యాదయ్య తండ్రి పేరు, ఊరు, వయసు అన్నీ రాసి ఉన్నాయి. సంతకం పెట్టే చోటు ఖాళీగా ఉంది. చెయ్యి రాలేదు.

చెప్పేశాను. గేజీ, మైక్రోమీటర్, రిజిస్టరు, మూడూ బల్ల మీద పెట్టి మరీ చెప్పాను.

కిశోర్ నన్ను వింతగా చూశాడు. "యాదయ్య మీ దగ్గరికి వచ్చాడా అండీ? ఏమైనా బెదిరించాడా? భయపడకుండా చెప్పండి" అన్నాడు.

నిజం చెబుతుంటే అవతలివాడు నమ్మకపోతే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఆ గేజీని అతని చేతికివ్వలేదు. బల్ల మీదే ఉంచి, "మీరే కొలవండి" అన్నాను. కొలిచాక అతని మొహం మారింది. కంప్లైంట్ కాగితం చింపేశాడు. రింగులు ఎవరెవరి దగ్గరున్నాయో వాళ్ళందరికీ ఆ పూటే ఫోన్ చేశాను. కంపెనీ పేరు పోతుందని కిశోర్ గొణిగాడు గానీ అడ్డుపడలేదు.

పిల్లలూ, అనుమానించడం మానేయమని నేను చెప్పను. మానేస్తే మీరు ఈ ఉద్యోగానికి పనికిరారు. పీసును అనుమానించండి, కాగితాన్ని అనుమానించండి, నవ్వుతూ చెప్పేవాణ్ణి రెండింతలు అనుమానించండి. కానీ మీ బీరువా తాళంచెవి ఇంకొకరికి కూడా ఇవ్వండి. నేను ముప్పై ఏళ్ళు అందరి పనినీ పట్టి చూశాను. నా పనిని చూసే దారి ఎవరికీ ఉంచలేదు. చూడబోయిన ఒక్క మనిషిని దొంగను చేశాను.

జీడిమెట్ల

యాదయ్య తన బామ్మర్ది షెడ్డులోనే ఉన్నాడు. నన్ను చూసి లేత్ ఆపాడు. స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. విన్నాడు. జేబులోంచి ఒక కాగితం తీశాడు. నేను రాసిచ్చిందే, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"ఇది పట్టుకోని ఎవలకు సూపెట్టాలె మేడం? పోలీసోళ్ళు వస్తరేమో అని రోజు జేబుల పెట్టుకోని తిరుగుతున్న" అన్నాడు.

పనిలోకి మళ్ళీ రమ్మని కిశోర్ అడగమన్నాడని, జీతం పెంచుతాడని చెప్పాను.

"పనికేంది మేడం, ఏడనైనా దొరుకుతది. నేను రాను. మీరే ఒక పని జెయ్యాలె."

"చెప్పండి."

"ఈడ, నలుగురు లేనికాడ చెప్తే ఏం ఫాయిదా? నర్సింహ నా ఊరి దిక్కోడే. మా ఇంటోళ్ళకు ఆడికెల్లే తెలిసింది, దొంగతనం జేసి దొరికిన అని. నా బిడ్డ పది దినాలు నాతోటి మాట్లాడలే. నా సంచి ఏడ ఇప్పిన్రో ఆడనే చెప్పున్రి."

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగేవేళకి యాదయ్య వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వెంట అతని భార్య, కూతురు ఉన్నారు. ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. నేను ముందే చెప్పడంతో నర్సింహ గేటు మూసి అందరినీ ఆపాడు. పై గది వాళ్ళు, కింద షాపు వాళ్ళు, ఊడ్చే అమ్మలు, కిశోర్ కూడా వచ్చి నిలబడ్డారు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని పీసులు చెత్తబుట్టలో వేశానో, ఎందరి ముందు ఎన్ని మాటలన్నానో లెక్కలేదు. ఒక్కసారీ గొంతు తగ్గలేదు. ఆ పూట యాదయ్య దొంగ కాడని, గేజీ అరిగిందని అతను ముందే చెప్పాడని, నేను వినలేదని, ఆ బోరు తగ్గించమన్నది నేనేనని, తప్పంతా నాదని చెప్పాను. చెప్పి తలెత్తాను. కిశోర్ నేల చూస్తున్నాడు. నర్సింహ కళ్ళు తుడుచుకున్నాడు. ఇక అయిపోయిందనుకుని పక్కకి జరగబోయాను.

"మేడం" అన్నాడు యాదయ్య. కోపంగా అనలేదు. లేత్ దగ్గర కొలత అడిగినప్పటి గొంతే అది.

"జర గట్టిగ చెప్పున్రి. ఎనకున్నోళ్ళకు ఇనవడలే."

మళ్ళీ మొదట్నుంచి చెప్పాను.